టన్నుల బొమ్మ చూసి జాకీ కొంటారా?

మన ఊళ్లలో జాకీ కొనే పద్ధతి చూస్తే ఒళ్లు మండుతుంది. ఏడెనిమిది లక్షలు పోసి కారు కొనే పెద్దమనిషి మైలేజీ గురించి బావమరిదిని అడుగుతాడు, రంగు గురించి భార్యను అడుగుతాడు, నంబరు గురించి సిద్ధాంతిని అడుగుతాడు. ఆ కారును నేల మీంచి లేపే పనిముట్టు దగ్గరికి వచ్చేసరికి ఒక్కటే ప్రశ్న: "ఎన్ని టన్నులు?" కొట్టాయన "మూడు టన్నులు సార్, లారీ కూడా లేస్తుంది" అంటాడు. అంతే, డబ్బా డిక్కీలో పడుతుంది. అది ఎంత కిందికి దిగుతుందో అడగడు. ఎంత ఎత్తుకు లేస్తుందో అడగడు. రెండేళ్లకు సీళ్లు పోతే ఎక్కడ దొరుకుతాయో అడగడు. లేపిన కారును నిలబెట్టే స్టాండుల సంగతి అతనికి తట్టనే తట్టదు, కొట్టాయన గుర్తు చేయడు.

ఈ టన్నుల మోజు ఎంత వెర్రిదో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. స్విఫ్ట్ బరువు 900 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఇంటి దగ్గర ఎవరూ కారు మొత్తాన్ని ఒకేసారి గాల్లోకి లేపరు. ఒక మూల లేపుతారు, మహా అయితే ముందు భాగమో వెనక భాగమో లేపుతారు. ఇంజను ముందుంటుంది కాబట్టి బరువులో 60 శాతం ముందు చక్రాల మీదే ఉందనుకున్నా 550 కిలోల దగ్గర ఆగుతుంది. 1,800 కిలోల ఇన్నోవా క్రిస్టా అయినా ఒక వైపు లేపితే టన్నుకు అటూ ఇటూ. నిజాయితీగా తయారైన 2 టన్నుల జాకీ మన ఇళ్లలో ఉండే దాదాపు ప్రతి కారునూ లేపగలదు. ఆ నిజాయితీ దగ్గరే ఉంది కిటుకంతా. డబ్బా మీద 3 అని అచ్చు వేయడానికి సిరా చాలు, ఉక్కు అక్కర్లేదు. అమెరికాలో ఇలాంటి పనిముట్లకు ఆస్మే పేస్ ప్రమాణం ఉంది, ఐరోపాలో ఈఎన్ 1494 ఉంది. అక్కడ పేరున్న కంపెనీ ఏ ప్రమాణానికి తయారు చేసిందో జాకీ మీదే రాస్తుంది. మన దగ్గర ఓ మామూలు కొట్లోకి వెళ్లి "ఇది ఏ ప్రమాణానికి పరీక్షించింది బాబూ?" అని అడిగి చూడండి. ఇన్‌కమ్‌టాక్స్ వాళ్లొచ్చినట్టు చూస్తారు.

మరి అడగాల్సిందేమిటి? ఎత్తు. మొదట అదే, చివరికీ అదే. చక్రాల మీద దొర్లే ట్రాలీ జాకీకి రెండు ఎత్తులుంటాయి, కిందికి దించినప్పటిది ఒకటి, పూర్తిగా లేపినప్పటిది ఒకటి. మూడు నాలుగు వేలకు దొరికే చిన్న 2 టన్నుల జాకీలు చాలావరకు 135 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 340 లోపే ఆగిపోతాయి. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు కాబట్టి దాని కిందికి ఎలాగోలా దూరుతుంది. టైరులో గాలి పోయి కారు కుంగిపోయిందనుకోండి, అప్పుడా సందు ఇంకా తగ్గుతుంది. జాకీ కావాల్సింది సరిగ్గా ఆ రోజే! బాటిల్ జాకీ సంగతి చెప్పనే అక్కర్లేదు. నిలువుగా నిలబడే దాని ఒళ్లే చిన్న కార్ల కింద పట్టనంత పొడవు.

ఇక ఎస్‌యూవీల వాళ్ల అవస్థ వేరు. థార్ గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లు. అది బండి కింద అన్నిటికన్నా వేలాడే భాగం లెక్క, చాసిస్ దానికన్నా పైనే ఉంటుంది. 340 దాకా లేచే జాకీని చాసిస్ కింద పెట్టి కొడుతుంటే చాసిస్ లేస్తుంది, బాడీ లేస్తుంది, టైరు మాత్రం నేలను వదలదు. బరువు తగ్గేకొద్దీ స్ప్రింగు సాగుతుంది, చక్రం కిందికి జారుతుంది, జాకీ ఎత్తంతా ఆ సాగుడే మింగేస్తుంది. అప్పుడు మనవాడు ఏం చేస్తాడు? ఇంట్లో మూల పడి ఉన్న చెక్కముక్క తెచ్చి జాకీ నెత్తిన పెడతాడు. అది చాలకపోతే ఇంకోటి. ఒకటిన్నర టన్నులు దాటిన బండి, రెండు చెక్కముక్కలు, వాటి పక్కనే మోకాళ్ల మీద కూర్చున్న ఇంటి యజమాని. దీన్ని తెలివి అని వాట్సాప్ గ్రూపులో ఫొటో కూడా పెడతాడు! వెనక యాక్సిల్ దూలంలా ఒకే ముక్కగా ఉన్న బండికి ఆ యాక్సిల్ కిందే జాకీ పెడితే ఈ సాగుడు బెడద ఉండదని పక్కనున్న మెకానిక్‌ను అడిగితే ఊరికే చెప్పేవాడు.

3 టన్నుల జాకీ కొనడానికి మంచి కారణం ఒకటుంది, అది టన్నులతో సంబంధం లేనిది. పెద్ద జాకీ సాధారణంగా 480, 500 మిల్లీమీటర్ల దాకా లేస్తుంది, చట్రం పొడుగ్గా ఉండి నిలకడ ఇస్తుంది, పొడవాటి హ్యాండిల్ వల్ల చేతికి శ్రమ తగ్గుతుంది. దానికి మూల్యం బరువు. ఉక్కుతో చేసిన మంచి 3 టన్నుల జాకీ 30 కిలోలు దాటుతుంది. మూడో అంతస్తు ఫ్లాటులో బాల్కనీలో పెట్టుకుని సెల్లారుకు మోసుకెళ్లాలంటే ఆ ఉత్సాహం నెలలోపే చల్లారుతుంది. అలాంటి వాళ్లకు అల్యూమినియం జాకీలున్నాయి, ధర ఎక్కువ, బరువు బాగా తక్కువ. స్విఫ్ట్, బాలెనో, ఐ20 ఉన్నవాళ్లు ఎత్తు సరిచూసుకుని మంచి 2 టన్నులది తీసుకుంటే చాలు.

నేల గురించి కొట్టాయన ఒక్క ముక్క చెప్పడు, చెప్పాలన్న బాధ్యత ఉందని కూడా అనుకోడు. ట్రాలీ జాకీ చెయ్యి నిట్టనిలువుగా లేవదు, గుండ్రంగా తిరుగుతూ లేస్తుంది. కారు కదలకూడదు కాబట్టి లేచేకొద్దీ జాకీయే తన చక్రాల మీద కొద్ది కొద్దిగా ముందుకు దొర్లాలి. ఆ చిన్న ఇనుప చక్రాలు గచ్చు మీద దొర్లుతాయి. మట్టిలో, కంకరలో, పార్కింగు టైల్స్ మధ్య సందుల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కుంటే కారుకు ఆనుకున్న సాడిల్ పక్కకు జారుతుంది, లేదా కారే జరుగుతుంది. ఇంటి ముందు పోర్టికోలో అందంగా వేయించుకున్న టైల్స్ కింద సిమెంటు సరిగా నిండకపోతే ఆ చక్రాల కింద పటుక్కుమంటాయి. ర్యాంపు వాలు మీద లేపేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు. హ్యాండ్‌బ్రేక్ లాగామంటారు. చాలా కార్లలో అది వెనక చక్రాలనే పడుతుంది. మీరు లేపేది ఆ వెనక చక్రాలనే అయితే కారును ఆపేదెవరు? అందుకే నేల మీదుండే చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి.

జాకీ లోపల ఏముందో కూడా తెలియాలి. 1795లో లండన్‌లో జోసెఫ్ బ్రామా పేటెంటు తీసుకున్న హైడ్రాలిక్ ప్రెస్సు సూత్రమే ఇది. సన్నటి పిస్టను నూనెను నెడుతుంది, ఆ ఒత్తిడి లావాటి పిస్టనును లేపుతుంది, నూనె వెనక్కి పోకుండా చిన్న ఉక్కు బాల్ దారి మూస్తుంది. మీ కారు మొత్తం ఆ బాల్ మీద, నాలుగు రబ్బరు సీళ్ల మీద ఆధారపడి ఉంది. బాల్ కూర్చునే చోట ఇసుక రేణువంత మురికి పడినా జాకీ మెల్లగా దిగుతుంది. సీలు చిరిగితే మెల్లగా కూడా దిగదు. ఇది చెడ్డ జాకీ లక్షణమని పొరబడకండి, ఖరీదైన జాకీకీ ఇదే ధర్మం. తేడా ఎక్కడంటే, మంచి కంపెనీ సీల్ కిట్ విడిగా అమ్ముతుంది. పేరు లేని కంపెనీకి జాకీ అమ్మడంతోనే రుణం తీరిపోతుంది. ఇక నూనె తగ్గిందని చేతికందిన బ్రేక్ ఆయిల్ పోసే మహానుభావులున్నారు. దానికి సీళ్లు ఉబ్బి పాడవుతాయి. హైడ్రాలిక్ జాకీ ఆయిల్ అని అడిగితే ఆటోనగర్‌లో ఎవరైనా ఇస్తారు.

ఇప్పుడు నా అసలు కోపం. జాకీ అనేది లేపడానికే. మోసి నిలబెట్టడానికి స్టాండులు వేరే ఉన్నాయి. ఈ మాట చాలా జాకీల మీద స్టిక్కరు రూపంలో ఉంటుంది, చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో. తెలుగునాట అమ్మే జాకీ మీద, తెలుగు చదివే కుర్రాడు దాని కింద దూరే జాకీ మీద, ఆ ఒక్క వాక్యం తెలుగులో వేయడానికి వీళ్లకు ఏం రోగం? రోడ్డు పక్క షెడ్లలో చూడండి. ఓనరు బయట కుర్చీలో టీ తాగుతుంటాడు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల హెల్పరు కుర్రాడు ఒక్క జాకీ మీద నిలబడ్డ కారు కింద వెల్లకిలా పడుకుంటాడు. ఆసరాగా ఏముంటుంది? ఓ సిమెంటు ఇటుక. ఆ ఇటుక గోడలో పరుచుకున్న బరువును మోస్తుందేమో గానీ, ఒక్కచోట గుచ్చినట్టు పడే బరువుకు చెప్పాపెట్టకుండా పగులుతుంది. కారుకు బంపర్ టు బంపర్ ఇన్సూరెన్స్ ఉంటుంది. ఆ కుర్రాడికి?

స్టాండులు కొన్నంత మాత్రాన కళ్లు మూసుకోమని కూడా చెప్పను. అమెరికాలో ఇంటి గ్యారేజీల్లో పనులు చేసుకునేవాళ్లకు బాగా తెలిసిన హార్బర్ ఫ్రైట్ గొలుసు దుకాణం 2020లో తన జాకీ స్టాండులను లక్షల్లో వెనక్కి పిలిచింది. పళ్లలో పడాల్సిన లాకు లోతుగా కూర్చోక, బరువు మీదుండగా స్టాండు దిగిపోయే ప్రమాదం ఉందని తేలింది. బదులుగా ఇచ్చిన వాటిలో కొన్నిటికి వెల్డింగు లోపం బయటపడి ఆ ఏడాదే అవీ వెనక్కి వెళ్లాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో సొంతంగా ఆయిలు మార్చుకునే మనవాళ్లు గ్యారేజీలో పాత స్టాండులుంటే మోడల్ నంబరు సరిచూసుకోవాలి. అక్కడ కనీసం వెనక్కి పిలిచే పద్ధతి ఉంది, చెప్పే దిక్కుంది. ఇక్కడ పేరు లేని స్టాండు విరిగితే మీరు ఎవర్ని పట్టుకుంటారు? అందుకే పళ్ల లాకుతో పాటు అడ్డంగా పిన్ను కూడా దూర్చే స్టాండులు తీసుకోండి, వెల్డింగు చుట్టూ వేలితో తడిమి చూడండి.

డబ్బు లేదంటారా? 3 టన్నుల మోజు వదిలి 2 టన్నులది తీసుకోండి, మిగిలిన డబ్బుతో స్టాండులు వస్తాయి. అలాయ్ చక్రాలకు, మ్యూజిక్ సిస్టమ్‌కు, సీటు కవర్లకు దొరికే డబ్బు ప్రాణం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు దొరకదో నాకు అర్థం కాదు.

రాణిగంజ్‌కు వెళ్లినా, ఆటోనగర్‌కు వెళ్లినా జేబులో కొలత టేపు పెట్టుకెళ్లండి. మీ కారు మాన్యువల్‌లో జాకీ పాయింట్లు ఎక్కడున్నాయో ముందే చూసుకుని, నేల నుంచి వాటి ఎత్తు కొలుచుకుని వెళ్లండి. విద్యుత్ కారైతే ఈ పని మరీ ముఖ్యం, కింద బ్యాటరీ ఉంటుంది. కొట్లో జాకీని పూర్తిగా లేపించండి, కొలవండి. విడుదల వాల్వు మెల్లగా తిప్పితే మెల్లగా దిగుతోందా, దబ్బున పడుతోందా చూడండి. కుదిరితే మీ కారునే లేపించి, ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా ఓ అరగంట వదిలేసి ఎత్తు మళ్లీ కొలవండి. సీల్ కిట్ ఉందా అని అడగండి. విసుక్కుంటే పక్క కొట్టుకు వెళ్లండి. బిల్లులో జాకీతో పాటు రెండు స్టాండులు ఉంటేనే డబ్బులివ్వండి.