ప్లేట్ల సేకరణము – సేకర్తల ధర్మము

అమెరికా దేశమున వినైల్ ప్లేట్లకు మరల మంచికాలము వచ్చినది. 2022వ సంవత్సరమున నచ్చట అమ్ముడుపోయిన వినైల్ ప్లేట్ల సంఖ్య, 1987 తరువాత మొట్టమొదటిసారిగా, సీడీల సంఖ్యను మించినది. ఈ యుత్సాహమున, 1930 దశాబ్దపు నాట్యశాలల నుఱ్ఱూతలూపిన బిగ్ బ్యాండు జాజ్ రికార్డులను వెదకి కూడబెట్టువారును పెక్కండ్రు కలరు. వీరి యభిరుచి నిందింపదగినది కాదు. కాని సేకరణము బీరువాకు అలంకారమై నిలిచిపోవలెనా, లోకమున కుపకరింపవలెనా? విచారింపవలసిన దిదియే.

ఈ సంగీతము వినైల్ మీద పుట్టినది కాదు. నిమిషమునకు 78 మారులు తిరుగు లక్క ప్లేట్లపై, ప్రక్కకు సుమారు మూడు నిమిషముల చొప్పున పుట్టినది. ఆ లక్కలో నధికభాగము భారతదేశపు అడవులలో పేదజనము కొమ్మల నుండి గీచి తీసినదే. 1942లో యుద్ధమువలన లక్కకు కఱవు రాగా, అమెరికా ప్రభుత్వము రికార్డుల కంపెనీల వాడుకను నూటికి 30 పాళ్లకు తగ్గించెను. పాత ప్లేట్లను ప్రోగుచేసి, పొడిగొట్టి, క్రొత్తవి పోసిరి. 1948లో కొలంబియా కంపెనీ వినైల్ లాంగ్‌ప్లే రికార్డును వెలువరించిన పిదప, మిగిలిన పాత పాటలను దానిపై కెక్కించు వీలు కలిగెను. ఏవి మిగిలినవో, ఏవి యెక్కదగినవో యెఱిగినవారు సేకర్తలే.

ఒక్క యుదాహరణము చాలును. ఫ్లెచర్ హెండర్సన్ అను నల్లజాతి విద్వాంసుడు 1924 నుండి న్యూయార్కు రోజ్‌లాండ్ నాట్యశాలలో దళము నడపెను. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అందు వాయించినవాడు. 1934లో చేతికి డబ్బాడక, హెండర్సన్ తన వాద్యరచనలను బెన్నీ గుడ్‌మన్‌కు అమ్ముకొనెను. వానితో గుడ్‌మన్ ‘స్వింగ్ రాజు’ అను బిరుదొందెను. గుడ్‌మన్ ఆ ఋణమును దాచలేదు. 1939లో హెండర్సన్‌ను తన దళమున చేర్చుకొనెను. మఱచినది లోకము. హెండర్సన్ 1952లో గతించెను. 1961లో, ఫ్రాంక్ డ్రిగ్స్ అను సేకర్త కూర్పగా, ఆతని పాత రికార్డులు నాలుగు లాంగ్‌ప్లేలుగా వెలువడెను. ‘కింగ్ పోర్టర్ స్టాంప్’ను 1928లో హెండర్సన్ దళము వాయించిన ప్లేటును, 1935లో గుడ్‌మన్ దళము వాయించిన ప్లేటును వెంటవెంట వినుడు. ఎవరి కెవరు ఋణపడిరో చెవులే తీర్పు చెప్పగలవు.

ఇంటర్నెట్టున నన్నియు దొరకుచుండగా ప్లేట్లేల యనువారు కలరు. అచ్చట పాట వినబడును. కాని ఏ వాద్యము నెవరు వాయించిరో, రచన యెవరిదో పెక్కుమారులు కనబడదు. కంపెనీల భండారములను నమ్ముకొందమా? 2008లో యూనివర్సల్ వారి భండారమున అగ్నిప్రమాదము జరిగి మూలప్రతులు దగ్ధములైనవి. అట్టివేళల దిక్కు, ఇంటింట దాగిన ప్లేటే.

దాగినది దాగియే యున్నచో ఫలమేమి? తాళము వేసిన గ్రంథాలయము వంటిదే వినబడని ప్లేటు. మార్షల్ స్టర్న్స్ అను పండితుడు తన సేకరణమే పునాదిగా 1952లో జాజ్ పరిశోధనాలయమును నెలకొల్పెను. 1966లో నది రట్గర్స్ విశ్వవిద్యాలయమునకు చేరి, నేటికిని జిజ్ఞాసువులకు తోడ్పడుచున్నది. సేకర్తల కిదియే మార్గము. ప్లేటును వినిపింపవలెను, వాయించినవారి పేర్లు వ్రాసియుంచవలెను, తమ యనంతరము ప్రజాసంస్థ కప్పగింపవలెను. వెలపెట్టి కొన్నవాడు యజమానుడు కాడు, ధర్మకర్త.