నేల కింద ఒత్తిడి, నెత్తిమీద మిద్దె

ఆదిలాబాదు, వికారాబాదు వైపు నల్లరేగడిలో పత్తి వేసేవారికి ఈ మాట వింతగా ఉండవచ్చును. ఆ నల్లమన్ను ఒకప్పుడు లావా. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం దక్కను నేల పగుళ్లలోనుండి పొంగి, పొరలు పొరలుగా గడ్డకట్టి రాయి అయినది. ఆ రాయే అరిగి మన్నైనది.

ఆ మంట ఎన్నడో చల్లారినది గాని నేల కదలిక ఆగలేదు. మన దేశాన్ని మోసే భూఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతున్నది. నెట్టిన చాప మడతపడి లేచినట్లు హిమాలయాలు లేచాయి. ఆ ఒత్తిడి ఇటు దక్షిణాది రాతిలోనూ పోగుపడుతుంది. బలహీనమైన చోట రాయి తెగుతుంది.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి వద్ద అలాగే తెగినది. తీవ్రత 6.2. హైదరాబాదులోనూ అదురు తెలిసింది. దాదాపు 8 వేలమంది పోయారని ప్రభుత్వ లెక్క. ఎక్కువమందిని చంపినవి వారి ఇళ్లే. బురదమట్టితో పేర్చిన లావుపాటి రాతిగోడలు, పైన మూరెడు మట్టి పరచిన మిద్దెలు. గోడలో లోపలి వరుసకు, వెలుపలి వరుసకు పట్టు లేక విడిపోయాయి. కప్పు నిద్రపోతున్నవారిపై కూలింది. గడ్డి గుడిసెలవారు చాలామంది బతికారు.

అటువంటి మిద్దెలు మన పల్లెల్లోనూ ఉన్నాయి. కురిసినప్పుడల్లా మరో తట్ట మట్టి వేస్తాము, బరువెంతైనదో చూడము! ముందు ఆ పాతమట్టి దింపించండి. కొత్త గోడ కడితే రెండు వరుసలనూ కలిపే పొడుగురాళ్లు వేయించండి. తలుపుల పైన ఇంటిచుట్టూ ఇనుప కడ్డీలతో ఒకే కాంక్రీటు పట్టీ పోయించండి.