ఒకే ఇంట వేరుకాపురం

పాతబడిన కంప్యూటరును పారవేయవలసిందేనని నేడు బజారంతా ఏకకంఠంతో చెబుతున్నది. 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10కు సాధారణ సంరక్షణను నిలిపివేసినది. విండోస్ 11 కావలెనన్నచో యంత్రంలో టీపీఎమ్ 2.0 అనే భద్రతా సాధనం, కనీసం 4 గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల డిస్కు ఉండవలెనన్నది. మనుబోలు వంటి ఊళ్లలోని దుకాణాలలోను, మనవంటి కళాశాలల ప్రయోగశాలలలోను ఉన్న యంత్రాలలో అనేకం ఈ షరతుల ముందు నిలువజాలవు. తెరలు వెలుగుతూనే ఉన్నవి, మీటలు పలుకుతూనే ఉన్నవి. అయినను వాటికి కాలం చెల్లినదట! ఈ తీర్పును అంగీకరించడానికి నాకు మనస్కరించడం లేదు.

ఇది కేవలం డబ్బు సంగతి అయినచో ఇంత వ్రాయవలసిన పని లేదు. పాత యంత్రంతో పాటు పోయేది మరొకటి ఉన్నది. తెలుగు, ఉర్దూ రెండింటిలోను సంచికలు వెలువరించే కళాశాలల వారికి అది బాగా తెలియవలెను. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి 1991లోనే స్థానం లభించినది. కాని అచ్చు కూర్పు చేసేవారు ఆ తరువాత చాలా కాలం దాని జోలికి పోలేదు. పేజ్‌మేకరులో అను ఫాంట్లతో కూర్చడమే వారి అలవాటు. అట్లు కూర్చిన వ్యాసంలో తెరమీద ‘క’ అని కనిపించినను, లోపల దాగి ఉన్నది ఏదో ఒక రోమను గుర్తు మాత్రమే. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిచి చూచినచో మన విద్యార్థి కవి వ్రాసిన పద్యం అర్థం లేని గుర్తుల రాశిగా కనబడును.

ఉర్దూ సంగతి ఇంకను సున్నితమైనది. నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు గీత వెంబడి నడవవు; ఏటవాలుగా ఒకదానిపై ఒకటి ఒరుగుతూ దిగివస్తాయి. అందుచేతనే టైపు అచ్చుకు అది చాలా కాలం లొంగలేదు, కాతిబుల కలానికే లొంగి ఉన్నది. మీర్జా అహ్మద్ జమీల్ అనే లేఖకుడు వేలాది అక్షర సంయోగాలను రూపొందించగా, 1981లో మోనోటైపు సంస్థ యంత్రాలపై ‘నూరీ నస్తాలీఖ్’ వెలుగు చూచినది. ఢిల్లీలో తయారై 1994లో వచ్చిన ఇన్‌పేజ్ అనే సాఫ్టువేరు ఆ లిపిని సామాన్య కంప్యూటరుకు దించినది. దాని తొలి కూర్పులు యూనికోడ్‌ను ఎరుగవు. వాటి ఫైళ్లను చదవడం వాటికే చెల్లును. అవి విండోస్ మీద తప్ప నడవవు. అనగా పాత విండోస్ యంత్రం మూలపడిన నాడు, ఒక తరం విద్యార్థుల తెలుగు వ్రాతలు, ఉర్దూ వ్రాతలు రెండును ఒకే పెట్టెలో పడి తాళం వేయబడును. తాళపుచెవి పాత ఇనుము కొనేవాని సంచిలోకి పోవును.

తేలికపాటి లినక్స్ వ్యవస్థలు ఈ చిక్కుకు సగం మందు. ఆస్ట్రేలియాకు చెందిన బారీ కాలర్ 2003లో ప్రారంభించిన పప్పీ లినక్స్ బలహీనమైన యంత్రాలను సైతం లేపి కూర్చుండబెట్టినది. 2005లో ప్రారంభమైన ఆల్పైన్ లినక్స్ మరీ మితాహారి. కనీసపు స్థాపనకు డిస్కుపై సుమారు 130 మెగాబైట్లు చాలునని దాని నిర్మాతలే చెబుతారు. విండోస్ 11 కోరే జాగాలో ఆల్పైన్ వంటివి వందలకొద్దీ ఇమిడిపోవును.

అయితే మితాహారంలోనే ఒక ఇబ్బంది కలదు. ప్రతి ప్రోగ్రామును తన నిత్యకృత్యాలకు ‘సి’ గ్రంథాలయం అనే ఒక ఉమ్మడి కోశంపై ఆధారపడును. డెబియన్, ఉబుంటు వంటి పెద్ద వ్యవస్థలు ‘గ్లిబ్‌సి’ అనే కోశాన్ని వాడతాయి. ఆల్పైన్ ‘మజిల్’ అనే చిన్న కోశాన్ని ఎన్నుకున్నది. లోకంలో కంపెనీలు తయారుచేసి ఇచ్చే లినక్స్ సాఫ్టువేరులో అత్యధిక భాగం గ్లిబ్‌సి కొరకే కట్టబడినది. దానిని తెచ్చి ఆల్పైన్‌లో నడపబోయినచో వచ్చే సమాధానం విచిత్రంగా ఉండును: ‘ఫైలు లేదు’ అనును! ఫైలు కళ్లయెదుటనే ఉన్నది, పేరు సరిగానే ఉన్నది, అనుమతులు ఉన్నవి. అయినను లేదనును. నిజానికి లేనిది ఆ ఫైలు కాదు, దానిని ఎత్తి మెమరీలో నిలబెట్టవలసిన గ్లిబ్‌సి వారి సహాయకుడు. పెండ్లికుమారుడు పందిట్లో కూర్చుండగా, పురోహితుడు రానందున ‘పెండ్లికుమారుడు రాలేదు’ అని చాటించినట్లు ఉండును ఈ వరుస. కొత్తవారు ఇక్కడనే నిరాశపడి, తేలికపాటి లినక్స్ పనికిరాదని తీర్మానించి వెనుదిరుగుతారు.

గూడూరు జంక్షను మనుబోలుకు చేరువనే ఉన్నది. ఒకప్పుడు అక్కడ మీటరు గేజి, బ్రాడ్ గేజి రెండును కలిసేవి. ఒక గేజి బండి మరొక గేజి పట్టాలపై నడవదు; సామాను దించి ఎక్కించవలసి వచ్చేది. అంతమాత్రాన బండి చెడ్డదనిగాని పట్టాలు చెడ్డవనిగాని ఎవరును అనలేదు. ఆ బండికి కావలసిన పట్టాలు వేరు, అంతే. మన సాఫ్టువేరు విషయంలోను చేయవలసినది అదే: దానికి కావలసిన పట్టాలను, ఉన్న ఆవరణలోనే, ఒక ప్రక్కగా వేయడం.

ఆ ఉపాయానికి యూనిక్స్ పరిభాషలో ‘చ్‌రూట్’ అని పేరు. ‘చేంజ్ రూట్’ అన్న మాటలకు కుదింపు. యూనిక్స్ కుటుంబపు వ్యవస్థలలో ఫైళ్లన్నియు ఒక చెట్టువలె అమరి ఉంటాయి. ఆ చెట్టు మొదలును రూట్, అనగా వేరు, అంటారు. ఏ ప్రోగ్రాము ఏది వెదకినను అక్కడి నుండియే వెదకును. ఒక సంచయాన్ని చూపించి, ‘ఇకమీదట నీకు ఇదే వేరు’ అని ప్రోగ్రామును నమ్మించడమే చ్‌రూట్ చేసే పని. ఆ సంచయంలో డెబియన్ వ్యవస్థను యావత్తును పేర్చి ఉంచినచో, లోపలికి పోయిన ప్రోగ్రాముకు తాను డెబియన్‌లోనే ఉన్నానన్న భావన కలుగును. బయట ఆల్పైన్ ఉన్నదన్న సంగతి దానికి అక్కరలేదు.

తెలుగులో ‘వేరు’ అన్న మాటకు చెట్టు మూలమనియు, ప్రత్యేకమనియు రెండర్థాలు ఉండడం ఇక్కడ మనకు కలిసివచ్చినది. వేరు మార్చడమంటే వేరుకాపురం పెట్టించడమే. మన పల్లెలలో అన్నదమ్ములకు పొత్తు కుదరనప్పుడు అందరును వేర్వేరు ఇండ్లు కట్టుకోరు. ఒకే ఇంటిలో గోడ ఒకటి లేచును, పొయ్యి రెండవది వెలుగును; బావి మాత్రం ఉమ్మడిగానే ఉండును. చ్‌రూట్‌లో ఆ ఉమ్మడి బావి కెర్నెలు. యంత్రపు గుండెకాయ వంటి ఆ కెర్నెలు ఒక్కటే నడుచును. ప్రతి కాపురానికి కావలసిన గ్రంథాలయాలు, అమరికలు, ఫాంట్లు మాత్రం దేనివి దానికే. వర్చువల్ మెషీన్ అనబడే పద్ధతి అట్లు కాదు. అది పెరటిలో మరొక ఇల్లు కట్టి మరొక బావి త్రవ్వించడం. రెండు గిగాబైట్ల మెమరీ గల పాత యంత్రం ఆ ఖర్చును భరించలేదు. చ్‌రూట్‌కు పట్టేది ముఖ్యంగా డిస్కుపై జాగా. చిన్న డెబియన్‌కు కొన్ని వందల మెగాబైట్లు.

ఇది నిన్నమొన్నటి కనుగోలు కాదు. 1979లో బెల్ ప్రయోగశాలల నుండి వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులోనే ఇది కలదు. 1982లో బిల్ జాయ్ దీనిని బర్కిలీ యూనిక్స్‌లో చేర్చినాడు. 2000లో ఫ్రీబీఎస్‌డీ వారు దీనిని బలపరచి ‘జైలు’ అనే ఏర్పాటును తెచ్చినారు. 2013లో వచ్చిన డాకర్ కూడ ఈ భావనకే పెరిగిన సంతానం. హైదరాబాదులోను, బెంగుళూరులోను, చెన్నైలోను ఉద్యోగాలకై మన విద్యార్థులు వేలకు వేలు పోసి డాకర్ నేర్చుకొంటున్నారు. దాని తాత ఉచితంగా, తమ కళాశాలలోని పాత యంత్రంలోనే కూర్చుని ఉన్నాడని వారికి ఎవరును చెప్పడం లేదు. మన ప్రయోగశాలలలో పాఠమంటే ఏ బొమ్మపై నొక్కవలెనో చూపడంగా మారినది. ఒక చ్‌రూట్‌ను స్వయంగా కట్టిన విద్యార్థికి మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో, కెర్నెలు ఎక్కడ ముగిసి మిగిలినది ఎక్కడ మొదలగునో, పుస్తకం తెరవకనే తెలియును.

కట్టడం కష్టం కాదు. ‘డీబూట్‌స్ట్రాప్’ అనే సాధనం ఆల్పైన్‌లోనే లభించును. సంచయం పేరు, డెబియన్ కూర్పు పేరు చెప్పినచో అది కావలసిన సరుకంతయు నెట్టు నుండి తెచ్చి పేర్చును. తరువాత బయటి వ్యవస్థలోని ప్రాక్, సిస్, దేవ్ అనే మూడు సంచయాలను లోపల కూడ కనిపించునట్లు తగిలించవలెను. ఇవే ఆ ఉమ్మడి బావికి పోయే దారులు. ఇవి లేనిదే లోపలివారికి పరికరాలేవియు కనబడవు. లోపలి ప్రోగ్రాము బయటి తెరపై బొమ్మ వేయవలెనన్నచో తెర వ్యవస్థ సంధిని కూడ పంచుకొనవలెను. ఫాంట్లను లోపల మరల స్థాపించుకొనవలెనన్న మాట మరువరాదు. బయట తెలుగు చక్కగా కనబడుచున్నను, లోపల లోహిత్ తెలుగో మరొకటో లేనిచో చతురస్రపు గళ్లు తప్ప కనబడవు; ఉర్దూకు నోటో నస్తాలీఖ్ వంటిది ఉండవలెను. వేరుపొయ్యి పెట్టినవారు ఉప్పు, చింతపండు కూడ వేరుగా తెచ్చుకొనక తప్పదు కదా!

పాత ఇన్‌పేజ్, పేజ్‌మేకరు వంటివి విండోస్ ప్రోగ్రాములు గనుక వాటికి చ్‌రూట్ ఒక్కటే చాలదు. విండోస్ పిలుపులను లినక్స్‌కు అర్థమగునట్లు అందించే ‘వైన్’ అనే సాధనం కావలెను. పైగా అవి 32 బిట్ల కాలపువి. 2025 ఆగస్టు 9న వెలువడిన డెబియన్ 13 ఇక్కడ ఒక ముఖ్యమైన నిర్ణయం చేసినది. 32 బిట్ల యంత్రాలకు కెర్నెలును, స్థాపన సాధనాన్ని ఇవ్వడం మానివేసినది. కాని 64 బిట్ల యంత్రాలపై పాత ప్రోగ్రాములు నడుపుకొనే వారి కొరకు 32 బిట్ల సాఫ్టువేరు భాండారాన్ని ఉంచినది. అనగా పదేండ్ల నాటి 64 బిట్ల యంత్రంలో పునాదిగా ఆల్పైన్, దానిలో 32 బిట్ల డెబియన్ చ్‌రూట్, దానిలో వైన్, దానిలో ఆ పాత కూర్పు సాఫ్టువేరు. ఇది వినడానికి గందరగోళంగా ఉన్నను, ప్రతి అంతస్తుకు దాని పని స్పష్టంగా ఉన్నది. వైన్ కింద అన్ని కూర్పులును ఒకే తీరుగా నడుచునని హామీ ఇవ్వడం నాకు సాధ్యం కాదు, ప్రయత్నించి చూచుకొనవలసినదే. ప్రయత్నానికి పోయేది ఒక సాయంకాలం.

హద్దులు కూడ చెప్పవలెను, లేనిచో అది ప్రచారమగును. బావి ఉమ్మడిది గనుక బావిలో లేని నీరు ఏ కాపురానికిని రాదు: 32 బిట్ల కెర్నెలుపై 64 బిట్ల ప్రోగ్రాము ఏ చ్‌రూట్‌లోను నడవదు. నిజమైన 32 బిట్ల యంత్రాలకు కాలం దగ్గరపడుచున్నది. ఫైర్‌ఫాక్స్ సైతం 2025 నవంబరులో వెలువడిన 145వ కూర్పు నుండి 32 బిట్ల లినక్స్‌ను వదలివేసినది. రెండవది, చ్‌రూట్ గోడయే గాని కోటగోడ కాదు. లోపల సర్వాధికారం గలవాడు దానిని దాటి బయటకు రాగలడు. నమ్మకం లేని సాఫ్టువేరును ఆ గోడను నమ్మి నడపరాదు. కాలం తీరిన పాత కూర్పులతో నెట్టుపై విహరించరాదు. ఇక మూడవది, అన్నింటికంటె ప్రమాదకరమైనది: చ్‌రూట్ అక్కరలేదని దాని సంచయాన్ని తుడిచివేసే ముందు, లోపల తగిలించినవాటిని తప్పక విడదీయవలెను. మన సొంత ఫైళ్ల సంచయాన్ని లోపల తగిలించి ఉంచి, మరచి, తుడిచివేతకు ఆజ్ఞ ఇచ్చినచో అది గోడ దాటి వచ్చి మన ఫైళ్లనే తుడిచివేయును. అడిగేవారుండరు, ఆపేవారుండరు.

‘ఇంత ప్రయాస ఎందుకు, కొత్త యంత్రం కొనరాదా’ అని కొందరు పెద్దలు అడుగుతారు. కొనగలిగినప్పుడు కొనవలసినదే. కాని కొత్త యంత్రం పాత ఫైళ్లను చదవదు గదా! చదవవలెనన్నచో దానిలోను ఇటువంటి వేరుకాపురమే పెట్టవలెను. పాత యంత్రాన్ని బాగుచేసి నేర్చుకొన్న విద్య కొత్తదానిలోను పనికివచ్చును. కొనుగోలు రసీదు నేర్పే విద్య ఏదియు లేదు. ‘మరమ్మతు’ అన్న మాట ఉర్దూ నుండి వచ్చి తెలుగువారి నాలుకపై సొంత మాటవలె స్థిరపడినది. మాట నిలిచినది, పనియే సన్నగిల్లుచున్నది.

రానున్న వేసవి సెలవులలో తెలుగు విభాగం నుండి ఇద్దరు, ఉర్దూ విభాగం నుండి ఇద్దరు విద్యార్థులు చాలును. ప్రయోగశాలలో మూలబడిన యంత్రాలలో 64 బిట్లది ఒకటి ఎంచుకొని, పై చెప్పిన అంతస్తులు కట్టి, బీరువాలోని పాత సంచికల సీడీలను ఒక్కొక్కటే తెరవవలెను. తెరుచుకొన్న ప్రతి వ్యాసాన్ని ముందుగా పీడీఎఫ్‌గా భద్రపరచి, తరువాత తీరికగా యూనికోడ్‌లోకి మార్చుకొనవచ్చును. మొదట ఉర్దూ సీడీలను తీయవలెనని నా మనవి. వాటి మీదనే గీతలు ఎక్కువగా ఉన్నవి.