మిరప యొకటి, పరీక్షలు రెండు

గుంటూరు కారము కడలి దాటవలెనన్న ముందు పరీక్షకు నిలువవలెను. కడలి దాటక మన వంటయింటికే వచ్చునదైనచో దాని నడుగువారు లేరు. ఈ భేదమును సహజమని యెంచి మనము మిన్నకున్నాము.

ఆ పరీక్ష యెట్లు పుట్టినదో చిత్తగింపుడు. 2003లో మన దేశమునుండి పోయిన కారములో సూడాన్-1 అను రంగు ఫ్రాన్సులో బయటపడినది. మైనములకును, పాదరక్షల పాలిషులకును వేయు రంగది, ఆహారమున నిషిద్ధము. ధ్రువపత్రము లేని సరకును ఐరోపావారు వెంటనే నిలిపివేసిరి. ఆ యేడే మన సుగంధద్రవ్యముల బోర్డు ఎగుమతి మిరపకు పరీక్షను తప్పనిసరి గావించెను. 2002లో కొన్న భారతదేశపు కారము మూలమున 2005లో ఇంగ్లండున నాలుగువందలకు పైగా తినుబండారములు అంగళ్లనుండి తొలగింపబడెను.

పరదేశి కన్నెఱ్ఱజేసినగాని మన యధికారులకు మెలకువ రాదు కాబోలు! నిలువయున్న కాయకు ఎరుపు తగ్గును. బజారులో వెల ఎరుపును బట్టి పలుకును. రంగు కలుపుటకు మూలమిదియే. మోసగానికి స్వదేశి, విదేశి యను భేదము లేదు. ఆ భేదము పాటించుచున్నది ప్రభుత్వమే.

2006 నాటి ఆహార భద్రతా చట్టమున్నదిగదా యందురు. దానిక్రింది నిబంధనల ననుసరించి మిల్లు యజమాని ఆరుమాసముల కొకపరి తన సరకును తానే పరీక్ష చేయించుకొన్న చాలును. అధికారి యంగటిలో నమూనా తీసినను విశ్లేషకునికి పదునాలుగు దినముల గడువు గలదు. అప్పటికి ఆ కారము ఆవకాయ జాడీలో నూరుచుండును. ఇది చాలదన్నట్లు, ఎవరికిని హాని కలుగకమునుపు పట్టుబడిన యపాయకరాహారమునకు గల ఆరుమాసముల ఖైదును 2023లో పార్లమెంటు మూడుమాసములకు దింపి, జరిమానా పరిమితిని లక్షనుండి మూడు లక్షలకు పెంచినది. కోట్ల వర్తకునికి మూడు లక్షలు దండనమా, పద్దులో నొక ఖర్చా?

పరీక్షలు పెట్టినచో పేదవానికి వెల పెరుగునని వర్తకుల వాదము. పరీక్ష రాశికి గాని పొట్లమునకు గాదు. ఇరువది సంవత్సరములుగా ఎగుమతి వర్తకము ఆ వ్యయమును భరించి బ్రతికియే యున్నది. కావున చిల్లరకొట్టువానిని పట్టుట మాని, రంగు చేరు చోటగు మిల్లులోనే, పొట్లము కట్టకమునుపే, ప్రతి రాశిని పరీక్షింపవలెను. ఫలితమును ప్రకటింపవలెను.

ప్రభుత్వము కదలునందాక చట్టములోని 40వ సెక్షను మన చేతిలో నున్నది. కొనునప్పుడే వర్తకునికి తెలిపి, రుసుము చెల్లించి, ఎవరైనను సరకును విశ్లేషకునికి పంపవచ్చును. దోషము తేలెనా, రుసుము తిరిగి వచ్చును. ప్రతి పట్టణమున పఠనమందిరముల వారు చందా వేసికొని, ఈ యావకాయల కాలమునకు ముందే నాలుగేసి పొట్లములు పంపుదురుగాక.