గుడ్లకు పరీక్ష కావాలి, మనకు వద్దా?



పరీక్ష కాని గుడ్లు మనలో ఎవరమైనా తెస్తామా? గ్రైనేజీలో తల్లి సీతాకోకచిలుకను నూరి, మైక్రోస్కోపులో చూసి, పెబ్రిన్ లేదని తేలాకే ఆ గుడ్లు మన చేతికొస్తాయి. పైకి ఎంత బాగున్నా ఊరికే నమ్మం. హెచ్.ఐ.వి. పరీక్ష అనేసరికి మాత్రం ‘మనిషి దిట్టంగానే ఉన్నాడు కదా, ఎందుకు?’ అంటాం. ఆ వైరస్ ఏళ్ల తరబడి బయటపడకుండా ఒంట్లో ఉండగలదు.

మన గంజాం నుంచి సూరత్ మగ్గాలకు ఎంతమంది పోతున్నారో మనకు తెలుసు. వాళ్లను అనుమానించమని కాదు. ఇంటిపట్టున ఉన్నవాళ్లకూ పరీక్ష మంచిదే. అసలు అడ్డు మన నోరే. పరీక్ష గది ముందు ఎవరైనా కనిపిస్తే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. ఇక ఎవరు పోతారు?

పెబ్రిన్ తేలితే గుడ్లు కాల్చేస్తాం. మనిషి సంగతి అలా కాదు. ఏ.ఆర్.టి. మందులు ఉచితం. రోజూ వేసుకుంటే అందరిలా బతకొచ్చు. గర్భిణికి ముందే తెలిస్తే బిడ్డకు సోకకుండా చాలావరకు ఆపొచ్చు.

బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రి ఐ.సి.టి.సి.లో పరీక్ష ఉచితం. ముందూ తర్వాతా కౌన్సెలర్ మాట్లాడతారు. 2017 చట్టం ప్రకారం మన ఒప్పుదల లేకుండా పరీక్ష చెయ్యకూడదు, ఫలితం బయట పెట్టకూడదు. సందేహముంటే 1097కు ఫోన్ చెయ్యండి, ఉచితమే.

ఈ పంట దిగి, షెడ్డు కడిగి ఆరబెట్టే రోజుల్లో మేం ఆలుమగలం ఇద్దరం వెళ్తాం. మీరూ వెళ్లండి. ఎవరైనా కనిపిస్తే ఎందుకొచ్చావని అడగొద్దు.