బంజరని ఎవరన్నారు?

ఎండతో కరెంటు తయారుచేసుకోవడం మంచిదే కదా అంటే కాదనేవాళ్ళెవరు? బొగ్గు కాల్చక్కర్లేదు, పొగ రాదు, బూడిద రాదు. ఆ మాటకొస్తే నేనూ సోలార్ పక్షమే. అయితే ఎంత మంచి పనికైనా చోటు కావాలి. ఆ చోటు ఎవరిదని అడగడమే మనం మర్చిపోతున్నాం.

సోలార్ పార్కు అనగానే "ఎలాగూ బంజరే కదా, ఏం పండుతుంది గనక" అంటారు. పండకపోతే పనికిరానిదేనా? రాజస్థాన్‌లోని జైసల్మేర్ వైపు చూస్తే ఇసుక, గడ్డి దుబ్బులు, ముళ్ళచెట్లు తప్ప మనకేమీ కనిపించవు. బట్టమేక పిట్టకి మాత్రం పుట్టిల్లూ అదే, అత్తిల్లూ అదే.

ఇది మీటరు ఎత్తుండే పక్షి. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఆడపిట్ట గూడు కట్టదు. గడ్డిలో, వట్టి నేల మీద, మామూలుగా ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. నక్కల నుంచీ ఊరకుక్కల నుంచీ దాన్ని కాచుకునేదీ, పిల్లని పెంచుకునేదీ తల్లి ఒక్కతే. తండ్రి ఆ ఛాయలకే రాడు! ఒంటరి తల్లి కష్టం మనకి వేరే చెప్పాలా?

ఇప్పుడు దేశం మొత్తం మీద ఇవి నూట యాభైకి అటూ ఇటూగా మిగిలాయని అంచనా. వేటా, పొలాలూ చాలావరకు మింగేశాక, మిగిలినవాటికి కరెంటు తీగలు యమపాశాలయ్యాయి. ఈ పిట్టకి కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు. తీగ కనిపించేసరికే దగ్గరికొచ్చేస్తుంది. బరువు ఒళ్ళాయె, చటుక్కున పక్కకి తిరగలేదు. సోలార్ పలకలు దాని గడ్డి నేలని ఆక్రమిస్తే, ఆ కరెంటుని మోసుకెళ్ళే తీగలు దాని దారికి అడ్డం పడుతున్నాయన్నమాట.

థార్ ఎడారిలో ఏటా 18 బట్టమేక పిట్టలు తీగల వల్ల చనిపోతూ ఉండొచ్చని డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. నూట యాభైలో పద్దెనిమిది! ఏడాదికో గుడ్డు పెట్టే తల్లి ఈ లోటు ఎలా పూడుస్తుంది?

వీలైన చోట తీగలు భూమిలో వెయ్యమని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అన్నిచోట్లా అది కుదరదనీ, ఖర్చు తడిసి మోపెడవుతుందనీ ప్రభుత్వం మొరపెట్టుకుంటే, 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. ఆ కమిటీ సూచనల మేరకు 2025 డిసెంబరులో రాజస్థాన్‌లో 14,013, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లను ఈ పక్షికి ప్రాధాన్య ప్రాంతాలుగా ఒప్పుకుంది. మంచిదే. కానీ తీర్పు కాగితం మీద ఉంటుంది, తీగ ఆకాశంలో ఉంటుంది. దాన్ని తీసే పని ఎంత త్వరగా జరుగుతుందన్నదే ప్రశ్న.

ఎక్కడో ఎడారి సంగతి మనకెందుకంటారా? కర్నూలు దగ్గర రోళ్ళపాడుని 1988లో అభయారణ్యం చేసింది ఈ పిట్ట కోసమే. ఇవాళ అక్కడ అది కనిపించడమే గగనం. ఆ నేరం సోలార్ మీద వెయ్యడం అన్యాయం. పంటలు మారాయి, గడ్డి భూములు తరిగాయి. కానీ ఆ జిల్లాలోనే గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు లేచింది. "బంజరు" అన్న మాట వినబడ్డ ప్రతిచోటా మనం ఒకసారి ఆగి చూడాల్సిందే.

జైసల్మేర్‌లో దేవుడి పేర వదిలేసిన మేత భూములున్నాయి. ఒరాన్ అంటారు. అక్కడ చెట్టు కొట్టరు, పశువుల్ని మాత్రం మేపుకుంటారు. కాగితాల్లో అవి చాలావరకు బంజరే. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో చెట్టుని కావలించుకుని ప్రాణమిచ్చింది అమృతాదేవి. ఆమెతో కలిపి 363 మంది. వాళ్ళకి తెలిసింది మన అధికారులకి తెలియదా?

మరి ఏం చెయ్యాలి? పెద్ద పార్కులు వద్దనడం లేదు. పిట్ట తిరిగే చోటు వదిలి కట్టండి, తీగలు దారి మళ్ళించండి అంటున్నాను. ముందు మన డాబాల సంగతి చూద్దాం. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకి 78 వేల రూపాయల దాకా సబ్సిడీ ఉంది. వడియాలు ఎండబెట్టుకోగా మిగిలిన డాబా మీద పలకలు పెడితే ఏ పిట్ట ఇల్లూ కూలదు. దేశానికంతా అదే చాలదు, నిజమే. కానీ మన డాబా ఖాళీగా పెట్టుకుని, ఆ తల్లి గుడ్డు పెట్టే జానెడు నేలని బంజరనడం ఏం న్యాయం?