హారతి పళ్ళెం పక్కన పెట్టి ప్రచారానికి వెళ్దాం రండి

ఎన్నికలొస్తే మా కొత్తగూడెంలో ఆడవాళ్ళకి ఎక్కడలేని విలువ వస్తుంది. సభకి జనం తక్కువైతే ఆటో గుమ్మం ముందుకే వస్తుంది. కండువా, బిర్యానీ పొట్లం, చేతిలో కొంత డబ్బు. అదే మనంతట మనం "పక్క వీధికి ఫలానా అభ్యర్థి వస్తున్నాడట, ఏమంటాడో విని వస్తాను" అన్నామనుకోండి, ఇంట్లో అందరికీ ఒకేసారి ఆకలేస్తుంది. "మీటింగులు మనకెందుకే, అంతా మగాళ్ళుంటారు" అంటారు. ఆటోలో ఎక్కించి తీసుకెళ్ళిన చోట మగాళ్ళు ఉండరా?

డబ్బు తీసుకుని వెళ్ళేవాళ్ళని నేనేమీ అనను. పత్తి ఏరడానికి పోయే మనిషి కూలి వదులుకుని ఊరికే వచ్చి ఎందుకు కూర్చుంటుంది? నా కోపం మనలాంటి వాళ్ళ మీద. కూలి పోయే భయం లేదు, చదువుకున్నాం, అయినా మనకి తెలిసిన ప్రచారమంతా టీవీలోదే. లేదంటే అభ్యర్థి వీధిలోకి వస్తే హారతి ఇచ్చి, బొట్టు పెట్టి, పళ్ళెంలో ఆయన వేసిన నోటు చూసుకుని లోపలికి వచ్చేస్తాం.

2023 నవంబరులో కేసీఆర్ గారు వచ్చారు, పవన్ కల్యాణ్ గారు వచ్చారు. ఊరంతా ఆ ముచ్చటే. కానీ వాళ్ళిద్దరూ మన దగ్గర పోటీలో లేరు కదా! పోటీలో ఉన్నది కూనంనేని సాంబశివరావు, జలగం వెంకటరావు, వనమా వెంకటేశ్వరరావు గార్లు, ఇంకొందరు. చివరికి కూనంనేని గారు గెలిచారు. వీళ్ళలో ఎవరి మాటైనా దగ్గరగా నిలబడి విన్నవాళ్ళు మనలో ఎంతమంది?

భద్రాచలం దాదాపు నలభై కిలోమీటర్లు. దానికి ముందురోజే పులిహోర కలుపుకుని, పిల్లల్ని ఎవరింట్లో వదలాలో మాట్లాడుకుని, ఆటో మాట్లాడుకుంటాం. ఆ ప్లానులో పావు వంతు చాలు. అభ్యర్థులు వీధుల్లో తిరిగేది ఎక్కువగా పొద్దున, సాయంత్రం. ఫస్ట్ షిఫ్టుకి క్యారేజీ కట్టి పంపాక మనకీ ఖాళీయే. చివరి రోజు చూద్దాంలే అనుకోవద్దు. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందే ప్రచారం ఆపాలి. మావోయిస్టు ప్రభావిత ప్రాంతమని ఆసారి మనతో కలిపి 13 నియోజకవర్గాల్లో పోలింగ్ సాయంత్రం 4కే ముగించారు కాబట్టి మైకులు కూడా ముందే ఆగాయి.

వెళ్ళే ముందు అభ్యర్థి అఫిడవిట్ చదవండి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఫోన్లోనే దొరుకుతుంది. ఉత్తి కాగితమే కదా అనుకోకండి. 2018లో ఇక్కడ గెలిచిన వనమా గారి ఎన్నిక చెల్లదని 2023 జులైలో హైకోర్టు తీర్పు ఇచ్చింది ఆ అఫిడవిట్ గొడవ మీదే. తర్వాత సుప్రీంకోర్టు స్టే ఇచ్చిందనుకోండి.

"ఆయన సింగరేణిలో ఉద్యోగం, నేను ఒక పార్టీ మీటింగులో కనిపిస్తే మాటొస్తుంది" అని ఒక వదిన అన్నారు. ఈ భయం నిజమైనదే, కొట్టిపారేయను. అందుకే ఒక్కరి దగ్గరికి వద్దు, ముగ్గురి దగ్గరికీ వెళ్దాం. కండువా వేసుకోవద్దు, వాళ్ళ మంచినీళ్ళ బాటిల్ కూడా తీసుకోవద్దు. ఆటో డబ్బులు మనవే.

అడిగితే ఏం మారుతుందంటారా? కిన్నెరసాని నీళ్ళు మన కుళాయికి ఏ పూట వస్తాయో, బొగ్గు లారీల దుమ్ము ఎవరు ఆపుతారో, కారుణ్య నియామకాల్లో కూతుళ్ళ సంగతేమిటో అడిగినంత మాత్రాన రేపే అయిపోవు. కానీ మనం అడిగితే మన మొహం చూసి జవాబు చెప్పేదెవరో, పక్కనున్న మగమనిషి వైపు తిరిగి చెప్పేదెవరో అక్కడే తెలిసిపోతుంది. టీవీలో అది కనిపించదు.

వచ్చేది వార్డు ఎన్నికైనా, అసెంబ్లీదైనా మా వీధి నుంచి నలుగురం పేర్లు రాసుకున్నాం. ఆ పూట వంట సంగతా? రైస్ కుక్కర్ స్విచ్ మగవాళ్ళు నొక్కినా పనిచేస్తుంది. మీ వీధిలో ఎవరెవరు వస్తారో కనుక్కోండి.